పాతకాలపు ఇనుప, ఇత్తడి మంచాల సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

రాయలసీమ ఎండగాలి ఇనుముకు మంచిదే. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఉప్పుగాలి తగిలే కోస్తా ఊళ్లతో పోలిస్తే ఇక్కడ తుప్పు చాలా నెమ్మదిగా పాకుతుంది. అయినా తాతల నాటి మంచాలు పాడవుతూనే ఉన్నాయంటే, చాలావరకు అది మనం చేసే పనుల వల్లే. బోరు నీళ్లు, చింతపండు, వెల్డింగ్ రాడ్డు, గొడ్ల కొట్టం: కింది ప్రశ్నల్లో ఎక్కువ వీటి చుట్టూ తిరిగేవే.

ముందు పేర్లు చెప్పుకుందాం. నాలుగు మూలల్లో నిలువుగా ఉండేవి కోళ్లు (ఒక్కటైతే కోలు). తలవైపు, కాళ్లవైపు కమ్ములతో అల్లిన భాగాలు చట్రాలు. ఆ రెండు చట్రాలనూ కలిపే పొడవాటి ఇనుప ఏంగిళ్లు లేదా పైపులు పట్టెలు. కోళ్ల కొనన ఉండే ఉండలు గుబ్బలు.

మా జేజినాయన కాలం మంచం ఉంది. అది ఇత్తడిదా, ఇనుముదా? ఎట్లా తెలుస్తుంది?

ఒక అయస్కాంతం తీసుకోండి. పాత స్పీకర్‌లోంచి తీసినదైనా చాలు. కోలుకు, అడ్డ కమ్ములకు, గుబ్బలకు విడివిడిగా ఆనించి చూడండి. ఎక్కడా అంటుకోకపోతే అది అచ్చ ఇత్తడి గొట్టం. పైకి పచ్చగా మెరుస్తూ అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఇనుప గొట్టం, పైన పల్చటి ఇత్తడి రేకు చుట్టి ఉందన్నమాట. ఇత్తడి మంచాలుగా పేరుపడ్డవాటిలో చాలా వాటి సంగతి ఇదే. గొట్టాన్ని వెలుతురులో తిప్పుతూ వెనకవైపు, గోడవైపు చూస్తే పై నుంచి కింది దాకా వెంట్రుకంత సన్నని అతుకు గీత కనిపిస్తుంది. గీత లేకుండా అయస్కాంతం అంటుకుంటే అది ఇత్తడి మలామా (పూత). రేకుకంటే ఇది మరీ పల్చన, గట్టిగా రెండుసార్లు పాలిష్ పడితే పోతుంది.

గుబ్బ ఇత్తడిది, కోలు ఇనుముది, కమ్ములు కలిసే చోట పువ్వులు పోత ఇనుమువి అయ్యుండటం మామూలే. 19వ శతాబ్దంలో ఇలాంటి మంచాల తయారీకి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పెద్ద కేంద్రం. అక్కడ కమ్ములను అచ్చులో అమర్చి, అవి కలిసే చోట కరిగిన ఇనుము పోసేవారు. చల్లబడ్డాక అదే ముడి, అదే అలంకారం. అందుకే పాత మంచంలో ఆ ముడుల దగ్గర వెల్డింగ్ గుర్తు ఉండదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో మంచాలు వెల్డింగ్ షాపులో విరిగాయి. దాని గురించి కింద మళ్లీ వస్తుంది.

పాతదని చెప్పి అమ్ముతున్నారు. నమ్మొచ్చా?

మూడు చోట్ల చూడండి. ప్లస్ గాటు ఉన్న స్క్రూలు 1930ల తర్వాతే వాడుకలోకి వచ్చాయి. మంచం అంతా అవే ఉంటే అనుమానించండి. ఒకటో రెండో ఉంటే తర్వాత వేసిన మరమ్మతు కావచ్చు. రెండోది, పట్టె చివర, కోలు గూటి (పట్టె చివర దిగి బిగుసుకునే గాడి) దగ్గర జతకోసం కొట్టిన అంకెలో గాట్లో ఉన్నాయేమో వెతకండి. మూడోది, కమ్ముల ముడుల మీద వెల్డింగ్ ముద్దలు వరసగా ఉంటే అది కొత్త తయారీ. అరుగుదల కూడా చూడండి. నిజంగా వాడిన మంచంలో పట్టె గూడు లోపల నునుపుగా అరిగి ఉంటుంది. పైన మాత్రమే గీకి, గూడు లోపల కొత్త రంగుతో ఉంటే పాతదనం తెచ్చిపెట్టుకున్నదే.

పట్టెలు కోళ్ల నుంచి ఊడి రావడం లేదు. సుత్తితో కొట్టొచ్చా?

కొట్టొచ్చు, అయితే కింది నుంచి పైకి. చాలా పాత మంచాల్లో నట్టుబోల్టులు ఉండవు. పట్టె చివర కింద సన్నగా, పైన వెడల్పుగా ఉండే పోత చీల ఉంటుంది. అది పై నుంచి కోలు గూట్లోకి దిగి బిగుసుకుంటుంది. పక్కకు లాగితే రాదు, గూడు చెవి (పక్కకు పొడుచుకొచ్చిన పోత ముక్క) విరుగుతుంది. విరిగే మంచాల్లో ఎక్కువ విరిగేది ఈ చెవి దగ్గరే.

ముందు కీలు చుట్టూ పేరుకున్న రంగును పాత హాక్సా బ్లేడుతో గీకండి. డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే గూటి పైనా కిందా కొట్టి ఒక రాత్రి వదలండి. మరుసటి రోజు మళ్లీ కొట్టి ఇంకో పూట ఆగండి. పట్టె అంచు కింద చెక్క ముక్క ఆనించి రబ్బరు సుత్తితో పైకి తట్టండి. ఒక చివర అరంగుళం లేచాక రెండో చివరకు వెళ్లండి. ఒకే చివర పూర్తిగా లేపితే రెండోది మెలిపడి ఇరుక్కుంటుంది. ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు చట్రం పడకుండా పట్టుకోవాలి. గ్యాస్ మంటతో కాల్చవద్దు. పోత ఇనుము ఒకచోట వేడెక్కి పక్కన చల్లగా ఉంటే చిట్లుతుంది.

విప్పే ముందే ప్రతి కీలు రెండు వైపులా ఒకే అంకె రాసిన టేపు అంటించండి. చేత్తో పోసిన గూళ్లు ఒకటున్నట్టు ఇంకొకటి ఉండవు. జతలు మారితే మంచం ఊగుతుంది. తిరిగి బిగించేటప్పుడు నాలుగు కీళ్లనూ సగం దాకా దించి, మూల నుంచి మూలకు రెండు వైపులా టేపుతో కొలవండి. రెండు కొలతలకూ తేడా 5 మిల్లీమీటర్లలోపు ఉన్నప్పుడే చివరి దెబ్బలు వేయండి.

కొత్త బోల్టు రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది. మర పాడైందా?

మర బాగానే ఉండి ఉంటుంది, బోల్టే వేరే జాతిది. ఇంగ్లండు తయారీ మంచాల్లో విట్‌వర్త్ మర ఉండే అవకాశం ఎక్కువ. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన ఆ మర కోణం 55 డిగ్రీలు. ఇప్పటి మెట్రిక్ మరది 60 డిగ్రీలు. 5/16 అంగుళాల బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు కాబట్టి చేతిలో పెట్టుకుంటే ఎం8 (8 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు) లాగే కనిపిస్తుంది. కానీ దాని చుట్టు చుట్టుకూ దూరం 1.41 మిల్లీమీటర్లు, ఎం8 ది 1.25. అందుకే మొదట ఎక్కినట్టు ఎక్కి తర్వాత బిగుసుకుంటుంది. అక్కడ స్పానర్‌కు పైపు తగిలించి తిప్పితే పాత మర తెగిపోతుంది.

పాత బోల్టును లేత్ షాపుకు తీసుకెళ్లి థ్రెడ్ గేజ్ పెట్టించండి. అంగుళానికి 20 మరలుంటే పావు అంగుళం, 18 ఉంటే 5/16, 16 ఉంటే 3/8. అంగుళాల బోల్టులు పాత హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. దొరక్కపోతే లేత్ మీద తిప్పించుకోవడమే మేలు. గూట్లో ఎం8 ట్యాప్ వేయిద్దామని, అంటే కొత్త మర కోయిద్దామని, మెకానిక్ అంటే ఒప్పుకోకండి.

తుప్పు పట్టింది. ఎంత వరకు తీయాలి, దేంతో తీయాలి?

తుప్పులో మూడు రకాలున్నాయి, మూడింటికీ మందు వేరు.

వేలితో రుద్దితే కారప్పొడిలా అంటుకునేది పైపై తుప్పు. దీనికి ఉప్పుకాగితం కూడా అక్కర్లేదు. టర్పెంటైన్ తడిపిన సన్న స్టీల్ ఊల్‌తో, నాలుగు సున్నాల రకంతో, రుద్ది పొడిగుడ్డతో తుడిచి మైనం పూయండి. పాత నల్ల పూత ఇంకా నిలిచి ఉంటే దాన్ని తీయకుండా ఇంతటితో ఆపడం ఉత్తమం.

రంగు కింద ఉబ్బి, పొరలు పొరలుగా ఊడేది రెండో రకం. ఊడేదంతా గీకుడు బ్లేడుతో తీసి, వైర్ బ్రష్ పట్టి, 80 నంబరు ఎమరీ, తర్వాత 120 నంబరు వేయాలి. కింద పాత సీసపు రంగు ఉండొచ్చు కాబట్టి ఈ రుద్దుడు తడిమీదే చేయండి, ఆ సంగతి తర్వాతి ప్రశ్నలో ఉంది. పట్టెల్లాంటి సాదా భాగాలకు, పాత రంగు పూర్తిగా తీశాక, గ్రైండర్ వైర్ కప్పు వాడొచ్చు. పువ్వులు, ఆకులున్న పోత భాగాల మీద వాడకండి. నిమిషంలో రేకుల అంచులు గుండ్రమైపోతాయి.

గుంటలు పడింది మూడోది. గుంట అడుగున తుప్పును ఏ కాగితమూ అందుకోదు. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే రస్ట్ కన్వర్టర్‌ను బ్రష్‌తో గుంటలకే పూయండి. నల్లబడుతుంది. డబ్బా మీద రాసినంత సేపు, మామూలుగా ఒక రోజు, ఆగాక ప్రైమర్ వేయాలి. పొరలుగా ఊగుతున్న తుప్పు మీద పూస్తే పై పొర నల్లబడి, ఆ పొరే రంగుతో సహా ఊడొస్తుంది.

బోల్టులు, చక్రాల ఇరుసులు, కొండ్లు లాంటి చిన్న ఇనుప ముక్కలకు నిమ్మ ఉప్పు చౌకైన మందు. లీటరు నీళ్లకు 50 గ్రాములు. మూడు గంటలకోసారి తీసి చూస్తూ, ఎక్కువలో ఎక్కువ ఒక రాత్రి నానబెట్టండి. తీశాక వంటసోడా నీళ్లలో ముంచి, కడిగి, వెంటనే గుడ్డతో తుడిచి ఎండలో పెట్టండి. అరగంట తడిగా వదిలితే పసుపుపచ్చ తుప్పు మళ్లీ వస్తుంది. ఇత్తడి ముక్కలను అదే గిన్నెలో వేయవద్దు. వాటినుంచి కరిగిన రాగి ఇనుము మీద ఎర్రగా పట్టుకుంటుంది.

ఇక నీళ్ల సంగతి. మన బోరు నీళ్లలో కరిగిన లవణాలు ఎక్కువ. బకెట్టు నీళ్లు కుమ్మరించి మంచం కడిగితే నీరు ఆరిపోతుంది గానీ లవణం కీళ్లలోనూ రేకు అతుకుల్లోనూ మిగిలిపోతుంది. వానాకాలం గాలిలోని తేమను అది పీల్చుకుని లోపల్లోపలే తినేస్తుంది. తుడవడానికి పిండిన తడిగుడ్డ చాలు. కడగక తప్పనప్పుడు ఆఖరి నీళ్లుగా ఆర్వో క్యాను నీళ్లు వాడండి.

పాత రంగు మొత్తం గీకేసి కొత్తగా వేయాలనుకుంటున్నాం. జాగ్రత్తలు?

పాత రంగులో సీసం ఉందనే లెక్కలోనే పనిచేయండి. ఇనుముకు ఒకప్పుడు ప్రైమర్‌గా ఎర్ర సీసమే వేసేవారు. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల మీద భరోసా లేదు.

కాబట్టి పొడిగా ఉప్పుకాగితం పట్టకండి, బ్లో ల్యాంపుతో కాల్చకండి. దుమ్మూ పొగా రెండూ ఒంట్లోకి సీసాన్ని తీసుకెళ్తాయి. వాటర్‌ప్రూఫ్ ఎమరీతో తడిమీదే రుద్దండి, లేదా పెయింట్ రిమూవర్ పూసి మెత్తబడ్డాక గీకండి. కింద పాత ప్లాస్టిక్ పట్ట పరిచి, గీకిన చెత్తను దానిలోనే చుట్టేయండి. గొడ్లు, కోడిపెట్టలు తిరిగే చోట, పిల్లలు ఆడే వాకిట్లో ఈ పని వద్దు. గుడ్డ మాస్కు చాలదు, ఎన్95 పెట్టుకోండి. పని బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకకండి.

ఇంకో మాట. రంగు గట్టిగా పట్టుకుని ఉంటే మొత్తం గీకనే వద్దు. ఊడిన చోట్ల మాత్రమే శుభ్రం చేసి కొత్త రంగు కలపండి. పనీ తక్కువ, సీసపు దుమ్మూ తక్కువ.

రంగు వేయడానికి ఏ కాలం మంచిది? ఎంత రంగు కావాలి?

మేలో వద్దు. ఎండలో ఉన్న ఇనుము చెయ్యి పెట్టలేనంత కాలిపోతుంది. దాని మీద వేసిన ఎనామిల్ పరుచుకునే లోపే పైపొర కట్టి ముడతలు పడుతుంది. జూన్, జూలైలో అనంతపురం వైపు గాలి సంగతి చెప్పక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలి మీ తడి రంగు మీద దుమ్ము కూడా తెచ్చి పోస్తుంది. కడపలో నవంబరు వానలు వెళ్లాక, కర్నూలు, అనంతపురాల్లో దీపావళి తర్వాత నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. నీడలో, మంచు ఆరాక, పొద్దున తొమ్మిది ప్రాంతంలో మొదలుపెట్టండి.

ఒంటి మంచానికి అర లీటరు రెడ్ ఆక్సైడ్ లేదా జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, అర లీటరు ఎనామిల్ సరిపోతాయి. ఇనుము శుభ్రం చేసిన రోజే ప్రైమర్ పడాలి, రాత్రి దాటితే మళ్లీ తుప్పు మొదలవుతుంది. ఎనామిల్ రెండు పల్చటి పూతలు, మధ్యలో ఒక రాత్రి. మందంగా ఒకే పూత వేస్తే పువ్వుల సందులు పూడిపోతాయి. కోలు గూడు లోపల, పట్టె చీల మీద రంగు వేయకండి. అక్కడ మందం పెరిగితే కీలు దిగదు, బలవంతంగా దించితే చెవి పగులుతుంది. పరుపు వేసే ముందు వారం ఆగండి.

పౌడర్ కోటింగ్ చేయిస్తే?

అంతా ఇనుమే, అతుకుల్లో టంకం లేదు అని తేలితే చేయించొచ్చు. పౌడర్ కోటింగ్ భట్టీ వేడి 180 నుంచి 200 డిగ్రీలు. మామూలు తగరం-సీసం టంకం 183 దగ్గరే కరగడం మొదలవుతుంది. కాబట్టి ఇత్తడి రేకు, టంకం వేసిన గుబ్బ ఉన్న మంచాన్ని భట్టీకి పంపకూడదు. అంతకుముందు చేసే ఇసుక బ్లాస్టింగ్ పల్చటి రేకును, పోత పువ్వుల గీతలను తినేస్తుంది. పాత పోత ఇనుములోని సూక్ష్మ రంధ్రాల నుంచి గాలి బయటికొచ్చి పూతలో సూదిపోట్లలాంటి చిల్లులు కూడా పడతాయి. మా సలహా: వద్దు.

ఇత్తడిని చింతపండుతో తోముతాం కదా, మంచానికీ అదే చేయొచ్చా?

బిందె వేరు, మంచం వేరు. బిందెను తోమి, కడిగి, బోర్లిస్తాం, ఎక్కడా పులుపు మిగలదు. రేకు చుట్టిన గొట్టంలో చింతపండు రసం అతుకు గీతలోంచి లోపలి ఇనుములోకి దిగుతుంది. బయట మెరుస్తుంది, లోపల తుప్పు ఉబ్బుతుంది, ఏడాదీ రెండేళ్లలో అతుకు నోరు తెరుస్తుంది. అలా తెరుచుకున్న రేకును మళ్లీ కలపడం ఎవరి వల్లా కాదు.

అచ్చ ఇత్తడి అయితే, పైన లాకర్ (పారదర్శక పూత) లేకపోతే, చింతపండు వాడొచ్చు. ఉప్పు కలపకండి. రెండు మూడు నిమిషాలకు మించి ఉంచకండి. ఎక్కువసేపు ఉంటే ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి మిగిలి, గులాబీ మచ్చలు పడతాయి. ఆ మచ్చ మరక కాదు, లోహమే మారిపోయింది. దాన్ని అరగదీయడం తప్ప దారి లేదు. ఇటుక పొడి, ముగ్గుపిండి అసలు వద్దు, గీతలు పడతాయి.

రేకు మంచానికి సరిపోయేది బ్రాసో లాంటి పాలిష్‌ను గుడ్డకు కొద్దిగా రాసి రుద్దడం. సీసా నుంచి నేరుగా మంచం మీద పోయకూడదు. మెత్తని సుద్దపొడిలో నాలుగు చుక్కల టర్పెంటైన్ కలిపినా చాలు. పొడవు వెంబడి రుద్దండి, అతుకు గీతను దాటి అడ్డంగా రుద్దితే రేకు అంచు లేస్తుంది. పండగ పండగకూ పాలిష్ అవసరం లేదు. ప్రతి పాలిష్‌తోనూ కొంత ఇత్తడి పోతుంది, రేకులో పోవడానికి ఉన్నదే తక్కువ. ఏడాదికి ఒకసారి, అదీ మరీ నల్లబడితేనే.

పాలిష్ చేసినా కొన్ని చోట్ల మచ్చలు పోవడం లేదు. ఎందుకు?

పైన పాత లాకర్ ఉండొచ్చు. కారఖానాలో ఇత్తడి మీద పారదర్శక లాకర్ పూసేవారు. అది పగిలిన చోటే ఇత్తడి నల్లబడుతుంది, మిగతాచోట మీరు రుద్దేది లాకర్‌నే. వెనకవైపు కింద, ఎవరికీ కనపడని చోట, అసిటోన్ తడిపిన దూది ఆనించండి. జిగురుగా మారితే లాకర్ ఉన్నట్టే.

తీయాలంటే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్, పాత గుడ్డలు, చేతి తొడుగులు, తలుపులు తెరిచిన గది. దగ్గర్లో దీపం, స్టవ్ ఉండకూడదు. తీసి పాలిష్ చేశాక మళ్లీ లాకర్ వేయించుకోవచ్చు. రోజూ వాడే మంచానికి మాత్రం మైనమే నయం. లాకర్ గీత పడితే మొత్తం తీసి మళ్లీ వేయాలి. మైనం అరిగిన చోట అరచేతంత పూసుకుంటే చాలు. 100 గ్రాముల తేనెమైనాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టిన డబ్బాలో కరిగించి, పొయ్యి ఆర్పి, పక్కకు తెచ్చాక 300 మిల్లీలీటర్ల టర్పెంటైన్ కలపండి. చల్లారితే వెన్నలాంటి ముద్ద వస్తుంది. పల్చగా పూసి, పావుగంట ఆగి, గుడ్డతో మెరుగు పెట్టండి. ఆరు నెలలకోసారి.

తలవైపు కీళ్లలో పచ్చటి జిగురు పేరుకుంటోంది.

తలకు రాసుకునే నూనె. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలు ఇత్తడిలోని రాగితో కలిసి ఈ పచ్చ చిలుము అవుతుంది. నీళ్లకు లొంగదు. టర్పెంటైన్ ముంచిన బ్రష్‌తో మెత్తబరిచి, వెదురు పుల్లతో సందుల్లోంచి తీయండి. ఇనుప సూది వాడితే గీత పడుతుంది. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, అది కడుపులోకి పోకూడదు. ఆ వైపు దిండుకూ చట్రానికీ మధ్య ఒక గుడ్డ తెర వేలాడదీస్తే సగం బెడద తప్పుతుంది.

ప్రస్తుతానికి మంచాన్ని కొట్టంలో పెట్టాం. ఫర్వాలేదా?

ఇనుముది అయితే చెడుతుంది. ఇత్తడిది అయితే పగులుతుంది. గొడ్ల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాకూ ఇత్తడికీ పడదు. బ్రిటిష్ సైన్యం మనదేశంలో తూటాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచినప్పుడు వాటి ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రపు అమ్మోనియా, తేమ, లోహంలో ఉండిపోయిన బిగువు కలిసి ఆ పని చేశాయని 1921లో శాస్త్రజ్ఞులు వివరించారు. వంచి సాగదీసిన మంచం గొట్టంలోనూ అలాంటి బిగువే ఉంటుంది. సన్నటి పగుళ్లు మొదట వంపుల దగ్గరే కనిపిస్తాయి.

యూరియా మూటలు ఉన్న గదికీ ఇదే మాట. తేమకు యూరియా నుంచి అమ్మోనియా వస్తుంది. పొటాష్ మూట నుంచి రాలే పొడి ఇనుమును తినే లవణం. చాలా ఇళ్లలో మూటలు పెట్టేది మంచం కిందే కాబట్టి చెబుతున్నాం. దాచాల్సి వస్తే విప్పి, మైనం పూసి, నూలు గుడ్డలో చుట్టి, నేలకు తగలకుండా చెక్కల మీద నిలబెట్టండి. ప్లాస్టిక్ చుట్టకండి, లోపల చెమ్మ పడుతుంది.

పోత ఇనుము చెవి విరిగింది. మా వీధి వెల్డర్ అతికిస్తానంటున్నాడు.

ఏ రాడ్డుతో అని అడగండి. మామూలు ఎంఎస్ (మెత్తటి ఉక్కు) రాడ్డు అంటే వద్దనండి. పోత ఇనుములో 2 నుంచి 4 శాతం కార్బన్ ఉంటుంది. మామూలు రాడ్డుతో అతికిస్తే అతుకు పక్కన లోహం గాజులా పెళుసెక్కి, చల్లారేటప్పుడే టిక్కుమని పగులుతుంది. ఆ శబ్దం షాపులోనే వినిపిస్తుంది.

పోత ఇనుమో కాదో తెలియాలంటే విరిగిన చోట చూడండి, ముతక బూడిదరంగు గింజలా ఉంటుంది. గ్రైండర్ పెడితే నిప్పురవ్వలు పొట్టిగా, ఎర్రగా వస్తాయి. మెత్తటి ఉక్కు రవ్వలు పొడవుగా, తెల్లగా ఎగురుతాయి. రెండు మార్గాలున్నాయి. ఒకటి నికెల్ రాడ్డు: అంగుళానికి మించకుండా కొద్దికొద్దిగా వేసి, వేడిమీదే చిన్న సుత్తితో తట్టి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక తర్వాతి అంగుళం. పూర్తయ్యాక పొడి బూడిదలోనో సున్నంలోనో పూడ్చి రాత్రంతా వదలాలి. రెండోది గ్యాస్‌తో ఇత్తడి బ్రేజింగ్, అంటే ఇత్తడిని కరిగించి అతకడం. చెవిలాంటి చిన్న ముక్కకు మేం బ్రేజింగ్ వైపే మొగ్గుతాం, వేడి తక్కువ, పగిలే భయం తక్కువ. రంగు వేసిన చోట ముందు రంగు పూర్తిగా తీయించండి. సీసపు పొగ వెల్డర్ ముఖానికే తగులుతుంది.

రాత్రి కదిలితే కిర్రుకిర్రుమంటోంది.

ముందు పరుపు తీసి ఒక్కొక్క మూలా చేత్తో ఊపండి. చప్పుడు గూటి నుంచా, అడ్డపట్టీల నుంచా తేల్చండి. గూడు అయితే పట్టెను పైకి తీసి, గూడు శుభ్రం చేసి, చీలకు కొవ్వొత్తి రుద్ది మళ్లీ దించండి. వదులుగా ఉంటే పల్చటి ఇత్తడి రేకు ముక్కను మధ్యలో ఇరికించండి. అట్ట ముక్క పెడితే చెమ్మ పీలుస్తుంది.

అడ్డపట్టీలు ఏంగిల్‌కు రాసుకుంటుంటే మధ్యలో పాత నవారు ముక్క పెట్టండి. అందరూ వాడే సైకిల్ ట్యూబు ఇనుము మీద సరే. ఇత్తడికి తగిలితే రబ్బరులోని గంధకం దాన్ని నల్లగా చేస్తుంది. కొబ్బరినూనె పోయడం రెండు రోజుల ముచ్చట, ఆ తర్వాత దుమ్ముతో కలిసి జిగురు బంకవుతుంది.

నవారు అల్లించాలా, ప్లైవుడ్ వేయాలా?

పట్టె ఆకారం చూసి నిర్ణయించండి. గుండ్రటి పైపు పట్టెలుంటే నవారు. ఏంగిల్ అయితే దాని పదును అంచు నవారును కోస్తుంది, ప్లైవుడ్ మేలు. లోపలి కొలత 6 అడుగులు, 3 అడుగులు ఉన్న మంచానికి 3 అంగుళాల నవారు ఒక పొరగా అల్లితే పొడవునా 12 వరసలు, అడ్డంగా 24 వరసలు. పైపు చుట్టూ మలుపులతో కలిపి సుమారు 50 మీటర్లు. బిగించాక పట్టెల మధ్య వెడల్పును చివరల్లోనూ నడుమనూ కొలవండి. నడుమ ఒక సెంటీమీటరుకు మించి తగ్గితే బిగువు ఎక్కువైంది, పట్టె లోపలికి వంగుతోంది. కొంచెం వదులు చేయండి, నడుమ అడ్డకమ్మి ఒకటి పెట్టించండి.

ప్లైవుడ్ 12 మిల్లీమీటర్లది, కింద మూడు అడ్డ ఆధారాలు, ఆరేసి అంగుళాలకు ఒక అంగుళం చిల్లు. చిల్లులు లేకపోతే చెమట తేమ పరుపు కింద నిలుస్తుంది. పరుపు కొనేముందు లోపలి కొలత తీయండి. ఇంగ్లండు జంట మంచాలు ఎక్కువగా నాలుగున్నర అడుగుల వెడల్పు, మన షాపుల్లో రెడీగా ఉండే ఐదు, ఆరడుగుల పరుపులు వాటికి పట్టవు. ఆర్డరిచ్చి చేయించుకోవాలి.

నల్లులు పట్టాయి. మరిగే నీళ్లు పోయమంటున్నారు.

ఇనుప పట్టెల మీద పోస్తే పోయండి, వెంటనే తుడిచి ఎండబెట్టండి. గొట్టాల్లోకి, ఇత్తడి రేకు మీద వద్దు. ఎండాకాలమైతే విప్పి, నల్ల ప్లాస్టిక్ పట్టలో చుట్టి, మధ్యాహ్నం నాలుగైదు గంటలు ఎండలో పడేయండి. నల్లులు 50 డిగ్రీలకు పైన బతకవు, మన మే ఎండలో పట్ట లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. మధ్యలో తిప్పి వేయాలి, లేకపోతే నీడవైపుకు చేరుకుంటాయి. గుబ్బలు తీసి గొట్టాల నోళ్లు తెరిచి ఉంచండి. నవారు వేరుగా వేడినీళ్లలో నానేయండి. పెట్రోలు, కిరసనాయిలు పోయడం ప్రమాదం.

కడప బండల మీద కోళ్ల తుప్పు మరకలు పడ్డాయి.

కడప బండ అయినా బేతంచెర్ల బండ అయినా సున్నపురాయి జాతి. నిమ్మకాయ, వెనిగర్, రస్ట్ రిమూవర్, బాత్రూం యాసిడ్ ఏది పడినా రాయి కరిగి, మెరుగు పోయి తెల్లని మచ్చ పడుతుంది. తుప్పు మరక కంటే అదే వికారం. అందుకే నిమ్మ ఉప్పుతో, కన్వర్టర్‌తో చేసే పనులన్నీ ఇంట్లో బండల మీద కాకుండా బయట మట్టినేల మీద చేయండి. పడ్డ మరకకు సన్నని వాటర్‌ప్రూఫ్ ఎమరీ, 600 నంబరుది, నీళ్లు చల్లుతూ మెల్లగా రుద్ది, తర్వాత మైనం పూయడమే సురక్షితం. ఇకముందు పడకుండా కోళ్ల కింద ప్లాస్టిక్ బుష్‌లు వేయండి. చీమల కోసం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టే అలవాటు ఉంటే మానండి, కోలు అడుగు మొదట పోయేది దానివల్లే.

కర్నూలు వరదలో మునిగిన మంచం. పైకి బాగానే ఉంది.

2009 అక్టోబరు వరదలో మునిగిన మంచాల గొట్టాల్లో ఒండ్రు ఇప్పటికీ ఉండొచ్చు. గుబ్బ తీసి కోలును తలకిందులు చేసి చెక్కతో తట్టండి. మట్టి రాలితే పొడవాటి సీసా బ్రష్‌తో గీకి, క్యాను నీళ్లతో ఒకసారి కడిగి, రెండు మూడు రోజులు ఎండలో నోరు కిందికి పెట్టి ఆరనివ్వండి. తర్వాత ఉడికించిన అవిసె నూనె పావు లీటరు పోసి, కోలును తిప్పి, మిగిలింది వంపేయండి. ఆ నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి నేలమీద పరిచి ఆరబెట్టండి.

కోలును వేలితో నొక్కుతూ పోతే ఎక్కడైనా లోపలికి దిగితే గొట్టం గోడ పోయింది. దాని మీద మనిషి పడుకోవడం ఆపాలి.

చంటిబిడ్డను పడుకోబెట్టొచ్చా?

చట్రం కమ్ముల మధ్య సందు ఆరున్నర సెంటీమీటర్లకు మించితే ఒంటరిగా వద్దు, తల ఇరుక్కుంటుంది. పెచ్చులూడే రంగు ఉన్నా వద్దు, బిడ్డ చప్పరిస్తుంది.

ఇత్తడి గుబ్బ ఒకటి పోయింది. దొరుకుతుందా?

పాత సామాన్ల దుకాణంలో జత దొరకడం అదృష్టం. మిగిలిన గుబ్బను లేత్ షాపుకు ఇస్తే ఇత్తడి కడ్డీ నుంచి తిప్పుతారు. అయితే పాత గుబ్బలు ఎక్కువగా బోలుగా ఉంటాయి, కడ్డీ నుంచి తిప్పింది బరువెక్కువ. కోలు మర దాని బరువు మోయాలి కాబట్టి లోపల తొలిచి బోలు చేయమని ముందే చెప్పండి. మర విట్‌వర్తే వేయించండి. బిగించే ముందు మరకు కాస్త మైనం రాయండి. ఇత్తడీ ఇనుమూ తేమలో ఆనుకుని ఉంటే తుప్పు పట్టేది ఇనుమే, మైనం ఉంటే మరోసారి విప్పడానికి వీలుగా వస్తుంది.